మేస్త్రీ చేతి రివాల్వర్లు

పోయిన వారం ఆదెప్పను మనం యాడ వదిలినాం? ఆదోని ఆస్పత్రి వరండాలో, చెల్లెలు ఉచ్చీరమ్మ ముందర, నోట మాట రాక నిలబడి ఉంటే వదిలినాం. ఆయమ్మ కొడుకు చిన్నప్ప కొత్త రివాల్వరును మంచం మీద పెడతా ఉంటే అది తనంతట అదే పేలి, ఎడమ కాలి వేళ్లు రెండు పోయినాయి. అది అబ్బాస్ అలీ మేస్త్రీ చేసిన రివాల్వరు. "కొంటే మేస్త్రీ దగ్గరే కొనాల" అని మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని పోయి కొనిపించింది ఆదెప్పే. "అన్నా, ఆ మనిషి పని ముందు మాదిరి లేదని నీకు తెలుసునా?" అని ఉచ్చీరమ్మ అడిగింది. తెలుసు. రెండేండ్ల నుంచి తెలుసు. పెద్దకడుబూరులో పది మంది తగాదాలు తీర్చే నోరు చెల్లెలి ముందర మూతపడిపోయింది.

తెల్లారి కూడా ఆ మాట ఆయన్ను వదల్లేదు. తన రివాల్వరు సంచిలో పెట్టుకుని మేస్త్రీ కార్ఖానా ఉండే సందులోకి వచ్చినాడు. ఈ రోజు చెప్పేయాల. ఏమైనా సరే చెప్పేయాల. ఎందుకంటే ఈ రోజు చెప్పకపోతే సాయంత్రానికి ఇంకో పది రివాల్వర్లు మేస్త్రీ చేతుల్లోంచి ఇండ్లకు పోతాయి. వాటిల్లో ఏది ఎవరింట్లో పేలుతుందో ఎవరికి తెలుసు?

దసరా ఆయుధపూజకు మీ ఊర్లో కొడవండ్లకూ, ట్రాక్టర్లకూ బొట్లు పెడతారేమో. ఈ పక్క లైసెన్సు తుపాకి ఉండే ఇండ్లల్లో దాన్ని కూడా పీట మీద పెడతారు. పెట్టే ముందు రోజు అది అబ్బాస్ మేస్త్రీ చేతుల్లోకి పోయి రావాల. ఆయన తాత కాలం నుంచి నడిచే లైసెన్సు కార్ఖానా అది. మేస్త్రీ దాన్ని విప్పి, తుడిచి, నూనె పెట్టి, మళ్లీ బిగించి, కండ్లు మూసుకుని ఎడమ చెవి దగ్గర పెట్టుకుని సిలిండరు తిప్పుతాడు. ఆరు టక్కులు. ఆరూ ఒకే తీరున పలికితే కండ్లు తెరుస్తాడు. ఒక్కటి తేడా పలికినా మళ్లీ విప్పుతాడు, నీకు బస్సు పోతుందన్నా సరే. అంతా సరిపోయినాక తన కుడిచేత్తో నీ కుడిచేతికి ఇస్తాడు. మధ్యలో ఇంకో చెయ్యి తగలకూడదు. "మేస్త్రీ చేతి మీదుగా తీసుకున్నా" అని చెప్పుకోవడం చిప్పగిరి నుంచి ఎమ్మిగనూరు దాకా పెద్ద గొప్ప.

కార్ఖానా ఎదురుగా టీ అంగడి. ఎనిమిది మంది పెద్దమనుషులు సంచులు ఒడిలో పెట్టుకుని కూచుని ఉండారు. ఒక్కరూ కార్ఖానాలోకి పోవడం లేదు. మూడో టీ తాగుతాండారు.

"రాప్పా ఆదెప్పా," అని పిలిచినాడు కాశప్ప. చిప్పగిరి మనిషి, అరవై ఐదేండ్లుంటాయి, మీసం తెల్లబడినా గొంతు మెత్తబడలేదు. ముప్పై ఏండ్ల గిరాకీ. "మీ పిల్లోనికి ఎట్లుండాది?"

"కాలివేళ్లు రెండు తీసేసినారు."

అందరూ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. కాశప్ప గొంతు తగ్గించినాడు. ఆయన గొంతు తగ్గించడం ఆదెప్ప ఇదే మొదటిసారి చూడటం.

"నాది గూడా సరిగా లేకుండె అప్పా. రెండో టక్కు వదులుగా పలికె. పోయిన ఏడు ఆయన చేత్తోనే తీసుకుంటి. ఇంటికి పోయి తిప్పి చూస్తే గుండె జారిపాయ."

"మరి ఏం చేస్తివి?"

"ఏం చేస్తా. కర్నూల్లో ఒకాయన దగ్గర బాగుచేపిచ్చుకుంటి."

"ఓహో!" అన్నాడు పక్కనున్న ఒక పత్తి వ్యాపారి. "అదా సంగతి. ఆ అంగడి ముందర నిన్ను చూసి ఏం కాశప్పా ఈడ అంటే, మనవరాలికి గాజులు కొనను వచ్చినా అంటివే?"

"నువ్వేంటికి వచ్చింటివి ఆ సందులోకి?"

వ్యాపారి గ్లాసు ఎత్తి టీ తాగినాడు. ఎవరో కిసుక్కున నవ్వినారు. ఆ నవ్వు వెంటనే ఆరిపోయింది. ఒక్కొక్కరూ బయటపడినారు. ఒకరి ట్రిగ్గరు బిగుసుకుపాయ. ఒకరిది చెయ్యి తగిలితే చాలు పేలేటట్టు ఉండె. ఎనిమిది మందిలో ఏడుగురు దొంగచాటుగా కర్నూలు పోయి వచ్చినోళ్లే. ఒక్కరు కూడా మేస్త్రీతో గట్టిగా అనలేదు.

"ఎట్ల అనాల?" కాశప్ప చేతులు చాపినాడు. "నా పెండ్లికి మా నాయనకు రివాల్వరు చేసిచ్చిన మనిషి. మా ఇంట్లో కష్టమొస్తే వచ్చి నిలబడిన మనిషి. ఆయన ముందర పోయి, మేస్త్రీ నీ పని చెడిపోయింది అనాల్నా? నా నాలుక పడిపోతుంది. పోయిన ఏడు మెల్లగా ఒక మాట అంటి. 'అట్లేలేప్పా' అని నవ్వేసె. అబ్బో, మేస్త్రీకి మన మాట లెక్క లేకుండా పోయింది అనుకుని ఊరుకుంటి."

"నేను చెప్తా," అన్నాడు ఆదెప్ప.

"సెప్పప్పా సెప్పు. నువ్వు సెప్తే మేమంతా నీ ఎనకే." అంటానే ఎనిమిది మందీ నాలుగో టీ చెప్పినారు.

అప్పుడే కార్ఖానాలోంచి బ్యాంకు గార్డు యేసేపు బయటికి వచ్చినాడు, యూనిఫాం మీద బెల్టు సర్దుకుంటా. అతనిదీ మేస్త్రీ చేసిన రివాల్వరే. ఆదెప్ప అతన్ని ఆపినాడు.

"యేసేపూ, నీదానికి ఏమన్నా తేడా ఉండాదా?"

"లేదన్నా. ఐదేండ్లాయ. గడియారం మాదిరి ఉండాది. మా బ్యాంకులో నలుగురివీ ఈడివే, నలుగురివీ బాగుండాయి. ఏం, ఏమైంది?"

ఆదెప్పకు ఒళ్లు మండింది. నెలజీతం గార్డుకు బంగారం లాంటిది చేసిచ్చి, ముప్పై ఏండ్ల నుంచి గడప తొక్కే మాకు తుక్కు ఇస్తాడా? ఆ కోపంతోనే రోడ్డు దాటినాడు. ముందు వాకిలి గుండా పోకుండా పక్క తలుపు కొట్టినాడు.

తలుపు తీసింది నిషాత్, మేస్త్రీ ఒక్కగానొక్క కూతురు. ఇరవై ఏడేండ్లుంటాయి. పదేండ్ల వయసు నుంచి నాయన పక్కన కూచుని ఆకురాయి పట్టిన పిల్ల. ఇప్పుడు లైసెన్సు కాగితాల్లో పనివాళ్ల కింద ఆమె పేరు కూడా ఉంది. దుపట్టా నిండా ఇనుప రజను.

"ఆదెప్ప మామా! చిన్నప్పకు..." చేతులు దుపట్టాకు తుడుచుకుంది. "నేనే ఆస్పత్రికి వద్దామనుకుంటి. మొగం చెల్లలేదు."

"మొగం సంగతి తర్వాత పాపా. నాకొకటి చెప్పు. గార్డులకు మంచివీ మాకు చెడ్డవీ ఇచ్చే లెక్క ఏంది మీది?"

నిషాత్ ఆయన్ను లోపలికి లాగి తలుపు మూసింది.

"మామా, కోపం చేసుకోకుండా వినండి. యేసేపన్న రివాల్వరు ఎవరు ఇచ్చినారు? నేను. గార్డులవన్నీ, అంగళ్ల వాళ్లవన్నీ నా చేతి మీదుగా పోతాయి. అబ్బాజాన్ చూసి పక్కన పెట్టినాంక నేను మళ్లీ విప్పుతా. తప్పుంటే దిద్దుతా. అప్పుడు ఇస్తా. మీవి నా చేతికి యాడ వస్తాయి? 'ఆడపిల్ల చేతిది మాకొద్దు, మేస్త్రీ చేతి మీదుగానే కావాల' అని మీరంతా పట్టు పట్టి కూచుంటారు గదా. ఆయన చెవి దగ్గర్నుంచి నేరుగా మీ చేతికి పోతాయి. నడుమ నేను దూరేదానికి సందు ఉంటుందా?"

చిన్నప్పకు కొనిపించిన రోజు ఆదెప్పకు గుర్తొచ్చింది. నిషాత్ ఆ రోజు "మామా, సాయంత్రం దాకా నా దగ్గర ఉంచండి, నేను తెచ్చిస్తా" అనింది. "నీకెందుకు పాపా శ్రమ, మీ నాయన చేతి మీదుగా ఇస్తేనే మాకు తృప్తి" అన్నది తానే.

"ఆయన చూసినాంక నువ్వు మళ్లీ చూసేదేంది? ఆయన చెవికి తెలియని తేడా నీకు తెలుస్తుందా?"

"ఆయనకి వినపడదు మామా."

బయట ఎవరో స్కూటరు హారన్ కొడతా పోయినారు. నిషాత్ ఆ శబ్దం దాటేదాకా ఆగింది.

"మూడేండ్లాయ. యాభై ఏండ్లు చెవి పక్కనే కాల్చి కాల్చి... ఎడమ చెవి పూర్తిగా పాయ. కుడిచెవికి అరిస్తే ఏదో కొంచెం అందుతుంది. పెదాలు చూసి మాట పట్టుకుంటాడు. పట్టలేకపోతే 'అట్లేలేప్పా' అని నవ్వుతాడు. ఆ ఆరు టక్కులు ఆయన వినడం లేదు. వినినట్టు అనుకుంటాండాడు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. కాగితం మీద రాసి చూపిచ్చినా. ఏడ్చినా. ఆయన ఏమన్నాడో తెలుసా? 'కాశప్ప ముప్పై ఏండ్ల గిరాకీ. వస్తువు బాగలేకుంటే నా మొగాన విసిరికొట్టే మనిషి. ఆదెప్ప న్యాయం చెప్పే మనిషి. వాళ్లే ఊరుకున్నారు. నీకు మాత్రం నా పని చెడినట్టు కనపడిందా పిల్లా?' అన్నాడు. మీరంతా నోరు మూసుకోవడమే ఆయనకి సర్టిఫికెట్టు మామా. దాని ముందర నా మాట ఏం నిలుస్తుంది?"

ఆ మాట ఆదెప్పకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. మర్యాద, మర్యాద అనుకుంటా తామంతా చేసింది ఇదా! ముసలాయన మనసు నొప్పించకూడదని మూడేండ్లు నోరు కట్టుకుని, కర్నూలుకు బస్సు ఎక్కి, చివరికి పిల్లోని కాలు మీదికి తెచ్చినారు.

ఆదెప్ప ముందు గదిలోకి వచ్చేసరికి టీ అంగడి పెద్దమనుషులంతా చాప మీదికి చేరి ఉండారు. అబ్బాస్ మేస్త్రీ తన పీట మీద కూచుని ఉండాడు. బక్కపలచని మనిషి, తెల్ల గడ్డం, తెల్ల టోపీ, గోళ్ల సందుల్లో యాభై ఏండ్ల నూనె. ఆదెప్పను చూసి ఆయన మొగం వెలిగింది.

"సలాం ఆదెప్పా! రా, రా. నీది ముందు చూస్తా."

ఆదెప్ప పక్కన కూచుని వంగినాడు. వీధి వినకుండా, ముసలాయన పరువు పోకుండా, ఎప్పుడూ మాట్లాడే మెత్తని గొంతుతోనే చెప్పినాడు. "మేస్త్రీ, మా చిన్నప్ప రివాల్వరు తనంతట అదే పేలింది. కాలివేళ్లు రెండు పోయినాయి."

మేస్త్రీ ఆయన పెదాల వైపు చూసి తలాడించినాడు. "అట్లేలేప్పా. రేపటి పూజకు పెట్టుకోవచ్చు. చిన్నప్ప బాగుండాడు గదా?"

మేస్త్రీకి తమ మాట లెక్క లేకపోవడం కాదని కాశప్పకు అప్పుడు అర్థమైంది.

మేస్త్రీ అప్పటికే ఆదెప్ప రివాల్వరు విప్పుతాండాడు. చేతులు మాత్రం పాత మేస్త్రీవే. చూడకుండానే విప్పినాయి, తుడిచినాయి, బిగించినాయి. కండ్లు మూసుకుని ఎడమ చెవి దగ్గర పెట్టుకుని తిప్పినాడు. రెండేండ్ల కింద కర్నూలు మనిషి బాగుచేసిన రివాల్వరు అది. ఒకప్పుడైతే మొదటి టక్కుకే "దీన్ని ఎవడప్పా ముట్టుకున్నది?" అని గద్దించేవాడు. ఇప్పుడు ఆరు టక్కులూ తిప్పి, చిన్నగా నవ్వుకుని, కండ్లు తెరిచి కుడిచెయ్యి చాపినాడు.

ఆదెప్ప తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నిషాత్ చేతికియ్యి మేస్త్రీ," అన్నాడు. అర్థం కాదేమోనని గడప దగ్గర నిలబడిన నిషాత్ వైపు చూపించినాడు. "ఆ పాప చూసినాంక తీసుకుంటా."

"అయ్యో ఆదెప్పా!" అన్నారు వెనక ఎవరో. ఈ కార్ఖానాలో మేస్త్రీ చెయ్యి చాపితే తీసుకోనోడు లేడు. ఆ చెయ్యి గాల్లోనే ఉంది. మేస్త్రీ దాన్ని దించలేదు. చేతి వైపు చూసుకున్నాడు, కూతురి వైపు చూసినాడు, ఆదెప్ప వైపు చూసినాడు.

"ఏమప్పా? నా చేతికి ఏమైంది?"

ఇంక తప్పదు. ఆదెప్ప ఆయన కుడిచెవి దగ్గరికి పోయి, గొంతు చించుకుని అరిచినాడు. తన జీవితంలో ఏ పెద్దాయన మీదా అట్ల అరిచి ఎరగడు.

"చేతికి ఏం కాలేదు మేస్త్రీ! చెవికి అయింది! నీకు వినపడతా లేదు! మూడేండ్ల నుంచి నువ్విచ్చినవి బాగలేవు! నాది బాగలేదు! చిన్నప్పది పేలి వాని కాలివేళ్లు పోయినాయి!"

కాశప్ప లేచి ఆయన భుజం పట్టుకున్నాడు. "మెల్లగాప్పా, మెల్లగా! వీధంతా వింటాంది!"

"విననీ! మెల్లగా చెప్పి చెప్పి పిల్లోని కాలు పోగొట్టినాం. ఇంకా మెల్లగా చెప్పాల్నా?"

నిజంగానే వీధంతా విన్నది. టీ అంగడాయన చేతిలో జల్లెడ పట్టుకునే బయటికి వచ్చి నిలబడినాడు. నిషాత్ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తాంది. చెవిలో పడిన మాటలు లోపలికి పోవడానికి మేస్త్రీకి సమయం పట్టింది. చాపిన చెయ్యి మెల్లగా ఒడిలోకి దిగింది.

"కాశప్పా," అన్నాడు చివరికి. "నీది?"

మీసాల కాశప్ప, గొంతు మెత్తబడని కాశప్ప, చిన్నపిల్లోని మాదిరి తల వంచుకుని పోయి తన రివాల్వరు నిషాత్ బల్ల మీద పెట్టినాడు. అదే జవాబు. ఆయన వెనక పత్తి వ్యాపారి పోయినాడు. ఆయన వెనక ఇంకొకరు. చాప మీద ఉండే వాళ్లంతా ఒక్కొక్కరే లేచి పోయి ఆ బల్ల మీద పెట్టి వచ్చినారు. మేస్త్రీ ఒక్కొక్కరి మొగమూ చూస్తా కూచున్నాడు.

"మూడేండ్లు," అన్నాడు. కోపం లేచినాక ఆయన గొంతు పైకి పాయ. తనకే వినపడనోడు ఎంత గట్టిగా అరుస్తాండాడో ఎట్ల తెలుస్తుంది? "మూడేండ్లు నా ఎదురుగా కూచుని, నా టీ తాగి, బాగుండాది మేస్త్రీ అని పోతిరా? ఒక్కడన్నా, ఒక్కడంటే ఒక్కడన్నా నా మొగాన విసిరికొట్టకపోతిరా? నన్ను పెద్దోన్ని చేసినాం అనుకుంటిరా? పిచ్చోన్ని చేసినారు గదప్పా! నా బిడ్డ కాళ్లు పట్టుకుని చెప్తే నేను మిమ్మల్ని నమ్మి దాన్ని కసిరితి!"

నిషాత్ వచ్చి నాయన మోకాలి దగ్గర కూచుంది. మేస్త్రీ ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, ఇనుప రజను అంటిన వేళ్లు ముద్దు పెట్టుకున్నాడు. ఆదెప్పకు గుండె బరువు దిగినట్టయింది. చెప్పేసినాడు. ఆలస్యమైనా చెప్పేసినాడు. ఇంక చెల్లెలి మొగం చూడగలడు.

అంతలో మేస్త్రీ చెయ్యి కూతురి తల మీదే ఆగిపోయింది.

"నిషాత్, పొద్దున నువ్వు నీళ్ల క్యాను తెచ్చేదానికి పోయినప్పుడు ఎమ్మిగనూరు సునీతమ్మ వచ్చె. నేను ఇచ్చేస్తి."

నిషాత్ గబుక్కున లేచి నిలబడింది. సునీత అంటే ఎమ్మిగనూరు బయట పెట్రోలు బంకు నడుపుకునే ఆమె. మొగుడు పోయినాంక ఒంటిచేత్తో నడుపుతాంది. రెండుసార్లు దొంగలు పడితే, ఎన్నో నెలలు తిరిగి లైసెన్సు తెచ్చుకుని, మొట్టమొదటి రివాల్వరు చేయించుకుంది.

"అది నేను చూడలేదు మామా," అంది ఆదెప్ప వైపు తిరిగి. "రేపు రమ్మని చెప్పినా ఆయమ్మను. బిగింపు ఇంకా సరిచేయలేదు. గుండ్లు పెట్టుకుని గల్లా సొరుగులో ఉంచుకుంటా అనింది. దినమంతా లాగి మూసే సొరుగు అది!"

"ఫోన్ చెయ్యి!"

నిషాత్ తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది. మూడోసారికి పోయింది. అందరికీ వినపడాలని స్పీకరు పెట్టి బల్ల మీద పెట్టింది, ఎనిమిది రివాల్వర్ల పక్కన. రింగు పోతాంది. పోతాంది. కాశప్ప ఏ దేవుణ్ణో పిలుచుకుంటాండాడు.

ఎవరో ఎత్తినారు. సునీత కాదు. బంకులో పనిచేసే మనిషి గొంతు, ఎగపోస్తాంది. వెనక జనాల అరుపులు.

"ఎవరు మీరు? అమ్మ మాట్లాడే తీరులో లేదు. సొరుగు మూస్తానే పేలిందన్నా... పొట్టలో తగిలింది... ఆటోలో ఎక్కిస్తాండాం... రక్తం నిలవడం లే... మీరెవరన్నా? ఎవరు?"

ఫోను ఆగిపోయింది.

తొమ్మిది మందీ తలలు దించుకున్నారు. నిషాత్ రెండు చేతులతో మొగం కప్పుకుంది. గదిలో ఆ మాటలు విననిది మేస్త్రీ ఒక్కడే. ఆయన బల్ల మీది ఫోను చూసినాడు, ఒక్కొక్కరి పెదాలు చూసినాడు. ఏ పెదమూ కదల్లేదు.

"ఏమన్నారు? సునీతమ్మ ఎత్తిందా? బాగుండాదా?"

ఆదెప్ప నోరు తెరిచినాడు. తల మాత్రం ఎత్తలేదు. ఇప్పుడే, ఈ క్షణమే ఇంత దెబ్బ తిన్న ముసలాయనకు ఈ మాట కూడా చెప్పాల్నా? కొంచెం ఆగి చెప్తే పోయేదేముంది? ఆస్పత్రికి పోయి చూసి, బతికిందని తెలిసినాంక చెప్తే?

మేస్త్రీ పీట మీద నుంచి లేచినాడు. వచ్చి ఆదెప్ప చొక్కా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆదెప్పా, నువ్వు గూడా మళ్లీ తల దించుకుంటివా?"